మిక్సర్‌లో బ్రెడ్ పిండి కలిపే ముందు ఇవి చూసుకోండి

కొత్తగా స్టాండ్ మిక్సర్, అంటే బౌల్‌లో పిండి కలిపే మెషీన్ కొని మొదటిసారి బ్రెడ్ చేయబోతున్నారా? లేదా ఇంటికి ఎక్కువమంది వస్తున్నారని రోజూ చేసేదానికి రెండింతల పిండి కలపాలనుకుంటున్నారా? అయితే ప్లగ్ పెట్టేముందు ఒక్కసారి ఇది చదవండి. కేకు పిండి, క్రీము కలపడం ఈ మెషీన్‌కి పెద్ద లెక్క కాదు. బ్రెడ్ పిండి దగ్గరే దాని మోటారూ గేర్లూ నిజంగా కష్టపడేది, ప్రమాదాలు కూడా ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, మెషీన్ తిరుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి. ఒకరోజు పిండి కాస్త గట్టిగా కలిపి, రెండో స్పీడ్‌లో పెట్టి, ఎలాగూ పది నిమిషాలు పడుతుంది కదా అని పక్క గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గోడ దగ్గర ఉండాల్సిన మిక్సర్ గట్టు అంచుకి వచ్చేసి ఉంది. ముందు కాలు ఒకటి సగం బయటికి వచ్చింది, పిండి కలిపే కొక్కేనికి, అదే హుక్కుకి చుట్టుకున్న ముద్ద బౌల్ గోడకి తగిలిన ప్రతిసారీ దబ్ దబ్ మంటూ ఇంకాస్త జరుగుతోంది. గబగబా వెళ్లి ఆపాను కానీ చాలాసేపు చేతులు వణికాయి. పది కిలోలకు పైగా బరువుండే మెషీన్లు కూడా ఉంటాయి, అది కాలి మీదో, కింద ఆడుకునే పిల్లల మీదో పడితే ఏమవుతుందో ఆలోచించండి.

అందుకే మిక్సర్‌ని గట్టు లోపలి వైపు పెట్టండి. కింద పిండి, నూనె, తడి ఏమీ లేకుండా తుడవండి, రబ్బరు కాళ్లకి పిండి అంటుకుంటే పట్టు పోతుంది. తల పైకి లేచే రకమైతే లాక్ పడిందో లేదో చేత్తో పైకి లాగి చూడండి. లాక్ పడకపోతే గట్టి పిండికి తల ఎగిరెగిరి పడుతుంది. వైరు గట్టు అంచు నుంచి వేలాడకూడదు.

తర్వాత కొలత. బౌల్‌లో ఎంత పడుతుందనేది లెక్క కాదు, మోటారు ఎంత లాగగలదనేదే లెక్క. బ్రెడ్‌కి ఎంత పిండి దాటకూడదో మాన్యువల్‌లో సాధారణంగా రాసి ఉంటుంది, ఆ అంకె చూడకుండా రెసిపీని రెట్టింపు చేయకండి. కప్పులతో కాకుండా తూకం వేసి కలపండి. 500 గ్రాముల మైదాకి 325 గ్రాముల నీళ్లంటే పిండి బరువులో 65 శాతం, ఇది ఇంటి మిక్సర్ హాయిగా కలిపే పిండి. అదే నీళ్లు 55 శాతానికి తగ్గితే ముద్ద రాయిలా అయిపోయి గేర్ల మీద భారం పడుతుంది, అలాంటప్పుడు పిండి సగానికి తగ్గించి రెండు వాయిలుగా చేసుకోవడం మంచిది. ముందు నీళ్లు పోసి తర్వాత పిండి వేస్తే అడుగున పొడి మిగిలిపోదు.

స్పీడ్ విషయంలో తొందర అస్సలు వద్దు. మొదట అన్నిటికంటే తక్కువ స్పీడ్, పిండంతా తడిశాక రెండో స్పీడ్, అంతే. చాలా ఇంటి మిక్సర్లకి బ్రెడ్ పిండి విషయంలో తయారీదారులు పెట్టే హద్దు కూడా అక్కడే. త్వరగా అయిపోతుందని నాలుగులో పెడితే మెషీన్ ఊగుతుంది, గేర్లు అరుగుతాయి, పిండి వేడెక్కుతుంది.

ఈ వేడి సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. చేత్తో పిసికితే ఇంత వేడి పుట్టదు, హుక్ రాపిడికి మాత్రం ముద్ద చూస్తుండగానే వేడెక్కుతుంది. కలపడం అయ్యేసరికి పిండి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. 30 దాటితే జిగటగా మారుతుంది, ఈస్ట్ పరుగులు పెడుతుంది, పొంగు త్వరగా వచ్చేసి రుచి మాత్రం తేలిపోతుంది. లెక్క తేలికే. 26 డిగ్రీలు కావాలంటే 26ని మూడుతో హెచ్చించండి, 78 వస్తుంది. అందులోంచి గది వేడి, పొడి పిండి వేడి తీసేయండి, మిక్సర్ రాపిడికని మరో 10 నుంచి 12 తీసేయండి, మిగిలిందే నీళ్ల వేడి. గది 30, పిండి 30 అయితే మిగిలేది 6 నుంచి 8 డిగ్రీలు, అంటే ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లే పోయాలి. గోరువెచ్చని నీళ్లు అని రెసిపీలో ఉన్నా సరే. రాపిడి అంకె ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా ఉంటుంది, రెండు మూడుసార్లు థర్మామీటర్ గుచ్చి చూస్తే మీ మెషీన్ సంగతి తెలిసిపోతుంది.

మెషీన్ భారం తగ్గించే మంచి ఉపాయం ఒకటుంది. ఫ్రాన్స్‌కి చెందిన బ్రెడ్ నిపుణుడు రేమాన్ కాల్వెల్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన ఆటోలీజ్ పద్ధతి అది. పిండి, నీళ్లు మాత్రమే కలిపి 20, 30 నిమిషాలు వదిలేయడం, ఉప్పూ ఈస్టూ తర్వాత వేయడం. ఆ విశ్రాంతిలోనే గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్, చాలావరకు తనంతట తాను అల్లుకుంటుంది కాబట్టి మిక్సర్ తిరగాల్సిన సమయం తగ్గుతుంది. అతిగా కలిపితే గాలిలోని ఆక్సిజన్ వల్ల పిండిలోని లేత పసుపు రంగు పోయి బ్రెడ్ తెల్లగా, చప్పగా తయారవుతుందని కూడా ఆయనే గట్టిగా చెప్పేవారు.

పిండి హుక్ మీదకి ఎగబాకడం మామూలే, కంగారు పడకండి. కానీ తిరుగుతుండగా చేత్తోనో గరిటెతోనో కిందికి నెట్టకండి. హుక్కుకీ బౌల్‌కీ మధ్య వేలు ఇరుక్కుంటే తక్కువ స్పీడ్‌లో కూడా మోటారు ఆగదు. స్విచ్ ఆపి, హుక్ పూర్తిగా నిలిచాక, ముద్దని తీసి కింద పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. జుట్టు ముడి వేసుకోండి, చున్నీ, వేలాడే గొలుసు, పొడుగు చేతులు ఏవీ బౌల్ దగ్గరికి రాకూడదు. హుక్ మార్చేటప్పుడు ప్లగ్ తీసేయండి.

ఆరు నిమిషాలయ్యాక ఆపి, చిన్న ముద్ద తీసి వేళ్లతో మెల్లగా సాగదీయండి. చిరగకుండా పల్చని పొరలా సాగి, వెలుతురు అవతలికి కనిపిస్తే అయిపోయినట్టే. వెంటనే చిరిగితే రెండు నిమిషాలు తిప్పి మళ్లీ చూడండి. బాగా బిగిసిన ముద్ద ఉన్నట్టుండి మెరుస్తూ, వదులై, వేళ్లకి తీగల్లా అంటుకుంటోందంటే ఎక్కువైపోయింది. అప్పుడు ఇంకాస్త పిండి చల్లినా ప్రయోజనం ఉండదు, రేకు టిన్నులో పోసి కాల్చుకోవడమే. పచ్చి పిండి నోట్లో వేసుకుని రుచి చూడకండి, అందులో ఈ.కోలి లాంటి క్రిములు ఉండే అవకాశం ఉంది.

చెవి కూడా మెషీన్ మీదే ఉంచండి. శబ్దం మూలుగులా బరువెక్కినా, వేగం తగ్గినా, కాలిన వాసన వచ్చినా అప్పటికప్పుడు ఆపేయండి. మోటారు ఉన్న చోట చెయ్యి పెడితే వేడిగా తగులుతోందంటే దానికి విశ్రాంతి కావాలి, గాలి రంధ్రాల మీద గుడ్డ కప్పకండి. రెండు వాయిలు కలపాల్సి ఉంటే మొదటి ముద్దని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పొంగు నెమ్మదిస్తుంది. మెషీన్ మామూలు వేడికి వచ్చేదాకా, అరగంటైనా సరే ఆగి, అప్పుడు రెండో వాయి మొదలుపెట్టండి.