నీళ్ల ఒడ్డున లగ్జరీ హోటల్లో దిగుతున్నారా? వ్యూకి కట్టిన డబ్బు దక్కాలంటే ఇలా చేయండి

నగరం నడిబొడ్డున, నీళ్ల ఒడ్డున కట్టిన పెద్ద హోటల్లో దిగితే మీరు కట్టే డబ్బులో చాలా భాగం ఆ కిటికీకే పోతుంది. మెత్తటి పరుపు, పాలరాయి బాత్రూమ్ ఊరి లోపలి హోటళ్లలోనూ దొరుకుతాయి, అదీ తక్కువకే. కాబట్టి బుకింగ్ నుంచి చెకౌట్ దాకా ఒకటే చూసుకోండి: నీళ్లు కనిపించే గది దొరకాలి, అవి బాగా కనిపించే వేళకి మీరు ఆ గదిలో ఉండాలి.

ముందు గది పేరు శ్రద్ధగా చదవండి. హోటల్ పేరులో 'వాటర్‌ఫ్రంట్' ఉన్నంత మాత్రాన మీ గదిలోంచి నీళ్లు కనిపిస్తాయని కాదు, వెనకవైపు గదులు రోడ్డు వైపో పార్కింగ్ వైపో ఉంటాయి, వాటికి 'సిటీ వ్యూ' అని ముద్దుగా పేరు పెడతారు. 'పార్షియల్ వ్యూ' అంటే చాలాసార్లు బాల్కనీ అంచుకి వెళ్లి మెడ పక్కకి తిప్పితే కనిపించే ముక్క. సైట్లో పెట్టే ఫొటో ఎలాగూ ఆ రకం గదుల్లో బాగున్నదాన్ని ఏరి తీసిందే. అందుకని బుక్ చేశాక హోటల్‌కే నేరుగా ఫోన్ చేసి, గది నీళ్లకి ఎదురుగా ఉంటుందా పక్కకి ఉంటుందా, కిటికీకి చెట్లు అడ్డొస్తాయా, పక్కన కట్టడం పని ఏదైనా నడుస్తోందా అని అడగండి. అడిగినవి బుకింగ్‌లో రాయించుకుని మెయిల్ పంపమనండి, ఫోన్లో 'తప్పకుండా సార్' అన్న మాట చెకిన్ రోజున ఎవరికీ గుర్తుండదు.

పై అంతస్తే గొప్పని అందరూ ఎగబడతారు గానీ నా లెక్కలో చెట్ల కొనలు దాటిన మధ్య అంతస్తులే మేలు. మరీ పైకి వెళ్తే పడవలు చీమల్లా కనిపిస్తాయి, మంచో పొగో పట్టిన రోజున అదీ ఉండదు, గాలి హోరు కూడా ఎక్కువే. మరీ కిందైతే ఒడ్డున నడిచేవాళ్ల మాటలు, పాటలు అర్ధరాత్రి దాకా వినాల్సిందే.

దిక్కు కూడా చూసుకోండి, మ్యాప్‌లో హోటల్ ఏ వైపు తిరిగి ఉందో చూస్తే క్షణంలో తెలుస్తుంది. పడమటి గదికి సూర్యాస్తమయం దక్కుతుంది, కానీ నిలువెత్తు అద్దాల వల్ల మధ్యాహ్నం ఎండంతా లోపలికే కొడుతుంది, తెర దించుకుని కూర్చోవాలి. తూర్పు గదికి ఉదయం బాగుంటుంది, ఆలస్యంగా లేచేవాళ్లు మాత్రం పడుకునేముందు తెర పూర్తిగా మూశారో లేదో చూసుకోండి.

చాలామంది పట్టించుకోనిది ఆటుపోట్ల సంగతి. నది సముద్రంలో కలిసే చోటో, పాత ఓడరేవు దగ్గరో ఉన్న హోటలైతే, పోటు సమయంలో కిటికీ కింద నిండుగా కనిపించిన నీరు ఆటు వేళకి వెనక్కి పోయి కొన్నిచోట్ల బురద బయటపడుతుంది, వాసన కూడా రావచ్చు. మామూలుగా ఒక పోటు నుంచి ఆటుకి 6 గంటల పైచిలుకు పడుతుంది, ఆ వేళ రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. ఆ ఊరి టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళల పట్టిక, ఫోన్లో దొరుకుతుంది, అది చూసి పోటు వేళ బాల్కనీలో కూర్చోండి, ఆటు వేళ ఊరు తిరగండి. చెరువో సరస్సో అయితే ఈ గొడవ లేదు.

డబ్బు దగ్గర టెన్షన్ పెట్టేది డిపాజిట్. గది అద్దె ముందే కట్టేసినా చెకిన్‌లో అదనపు ఖర్చుల కోసమని కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలో ఉన్న సొంత డబ్బే ఆగిపోతుంది, వదలడానికి రోజులు పడుతుంది, అందుకే క్రెడిట్ కార్డే ఇవ్వండి. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే సర్వీస్ ఛార్జీ, పన్ను ఇంకా కలపలేదని అర్థం. పరాయి దేశంలో కార్డు గీకేటప్పుడు 'మీ కరెన్సీలో కట్టమంటారా' అని మెషీన్ అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు సాధారణంగా మీకే నష్టం.

చాలా హోటళ్లలో మధ్యాహ్నం 2, 3 గంటలకి ముందు గది చేతికి రాదు, కాబట్టి త్వరగా చేరితే సామాను బెల్ డెస్క్‌లో ఇచ్చేసి, ఈతకొలను వాడుకోవచ్చా అని అడగండి. గదిలోకి వెళ్లాక మంచం పక్కన ఉండే స్విచ్‌లు, ట్యాబ్ పగలే ఓసారి నొక్కి చూడండి, అర్ధరాత్రి దీపం ఆర్పబోతే తెరలన్నీ తెరుచుకునే గదులున్నాయి. బాల్కనీ తలుపు తెరిచి ఉంటే కొన్నిచోట్ల ఏసీ దానంతటదే ఆగిపోతుంది, పాడైందని కంగారుపడకండి. మినీబార్ ఫ్రిజ్‌లో కొన్నిచోట్ల సెన్సార్లుంటాయి, సీసా తీసి మళ్లీ పెట్టినా బిల్లులో పడొచ్చు, మీ మందులు పెట్టుకోవడానికి వేరే చిన్న ఫ్రిజ్ అడగండి. ఇంకో ముఖ్యమైన మాట, అద్దాలు తుడిచేవాళ్లు బయట తాళ్ల మీద దిగుతారు, ఏ రోజు మీ వైపు వస్తారో రిసెప్షన్‌లో కనుక్కోండి, బాత్రూమ్‌కి కూడా అద్దాల గోడే ఉన్న గదైతే మరీను.

ఫొటోల కోసం సూర్యుడు దిగిన తర్వాత అరగంట లోపు చూడండి, ఆకాశం నీలంగా ఉండి దీపాలు అప్పుడే వెలుగుతుంటాయి. గదిలో లైట్లన్నీ ఆర్పి ఫోన్‌ని అద్దానికి ఆనిస్తే ఫొటోలో మీ ప్రతిబింబం పడదు.

ఒడ్డున బాణసంచా, మారథాన్ లాంటివి ఉన్న రోజుల్లో రేటు పెరుగుతుంది, రోడ్లు మూస్తారు, టాక్సీ గుమ్మం దాకా రాదు. ఇలాంటివి కాన్సియెర్జ్‌ని, అంటే అతిథులకి ఊరి సంగతులు చెప్పి ఏర్పాట్లు చేసిపెట్టే హోటల్ ఉద్యోగిని, అడగండి. కోటు మీద అడ్డంగా పెట్టిన రెండు బంగారు తాళంచెవుల గుర్తు కనిపిస్తే, అది 1929లో పారిస్‌లో మొదలైన 'లే క్లె దోర్' అనే కాన్సియెర్జ్‌ల సంఘం సభ్యులది, వాళ్లని మొహమాటపడకుండా అడిగేయొచ్చు.

వెళ్లే ముందు రోజు రాత్రే బిల్లు తెప్పించుకుని మినీబార్ లెక్క చూసుకోండి, పొద్దున క్యూలో వాదించే ఓపిక ఉండదు. డిపాజిట్ ఏ రోజు వదిలారో మెయిల్‌లో రాయమనండి, తర్వాత కూడా డబ్బు కనిపించకపోతే ఆ మెయిల్ పట్టుకుని బ్యాంకునే అడగాలి.