స్కాట్లండు పల్లెల్లో సద్దులేని సైకిలు దారులు: కర్నూలు నుంచి వెళ్లేవారికి

కర్నూలులో తెల్లవారుజామున కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద సైకిలు తొక్కే అలవాటు ఉన్నవారికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసి ఉంటుంది. గట్టు దారిని ఊళ్లను కలపడానికి కాక కాలువను చూసుకోవడానికి వేశారు కాబట్టి లారీకి గానీ బస్సుకు గానీ అక్కడ పని లేదు, అందుకే అది ప్రశాంతంగా ఉంటుంది. చదువుల కోసం గ్లాస్గో, ఎడిన్‌బరో వెళ్లే మన పిల్లలూ, వారిని చూడటానికి వెళ్లే నావంటి పెద్దలూ అక్కడి పల్లె దారులను కూడా ఈ లెక్కనే వెతుక్కోవాలి. ఒక దారి ఎందుకు ఖాళీగా ఉందో తెలిస్తే, అటువంటివి మరో పది మనమే పట్టుకోగలం.

ముందుగా చెప్పవలసినది కాట్రిన్ సరస్సు. గ్లాస్గో నగరానికి 1859 నుంచి తాగునీరు ఇక్కడి నుంచే వెళుతోంది. సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న తారు దారి మీదికి నీటి సరఫరా సిబ్బంది వాహనాలను, అక్కడ కాపురముండే కొద్దిమంది బండ్లను తప్ప ఇతరుల మోటారు వాహనాలను వదలరు. మన కె.సి. కాలువ తవ్వకం కూడా 1860ల దశకంలోనే జరిగింది. ఒకే కాలపు నీటి పనులు రెండు దేశాల్లోనూ సైకిలు తొక్కేవారికి ఎవరూ తలపెట్టని ఉపకారం చేశాయి. ట్రోసాక్స్ రేవు నుంచి స్ట్రోనక్లాకర్ వరకు ఈ దారి సుమారు 21 కిలోమీటర్లు ఉంటుంది. రేవులో సైకిలుతో సహా పడవ ఎక్కి, స్ట్రోనక్లాకర్‌లో దిగి, అక్కడి నుంచి తొక్కుతూ తిరిగి రావడం మేలు. ఆఖరి పడవ తప్పిపోతుందేమోనన్న బెంగ ఉండదు. పడవలో సైకిళ్లకు చోటు తక్కువ కాబట్టి టికెట్టు ముందుగానే తీసుకోవాలి. సొంత సైకిలు లేనివారికి రేవులోనే అద్దెకు దొరుకుతుంది. ఒడ్డు వెంట దారి కదా, చదునుగా ఉంటుందని మాత్రం అనుకోకూడదు. ఒకదాని వెనుక ఒకటిగా మిట్టలు వస్తూనే ఉంటాయి, వాటిలో కొన్ని బాగా నిటారుగా ఉంటాయి. నడుమ అంగడి అనేది లేదు కాబట్టి నీళ్లు, తిండి వెంట ఉండాలి. ట్రోసాక్స్‌కు రైలు లేదన్న విషయాన్ని కూడా ప్రయాణపు లెక్కలో చేర్చుకోవాలి.

రెండో రకం, పట్టాలు పీకేసిన రైలు మార్గాలు. బ్రిటన్‌లో 1960లలో రాబడి లేని రైలు మార్గాలను పెద్ద ఎత్తున మూసివేశారు. కాలండర్ ఊరి మీదుగా పడమటి తీరానికి వెళ్లే మార్గంలో కాలండర్ వైపు భాగం 1965లో ఆగిపోయింది, ఇప్పుడు అది సైకిలు బాట. రైలు ఏటవాలును ఎక్కువగా ఎక్కలేదు కాబట్టి ఆనాటి ఇంజినీర్లు కొండను చుట్టి, సన్నటి వాలుతో దారి తీశారు. ఆ శ్రమ ఫలం ఈనాడు మన మోకాళ్లకు దక్కుతోంది. కాలండర్ నుంచి స్ట్రథాయర్ వరకు ఇది లుబ్నేగ్ సరస్సు పడమటి ఒడ్డున సాగుతుంది, తూర్పు ఒడ్డున ఏ84 రహదారి ఉంటుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఫోను చూపిన దారిని నమ్మి తూర్పు ఒడ్డు పట్టాను. పక్కగా దూసుకుపోయే లారీల గాలికి హ్యాండిల్ వణుకుతుంటే, అవతలి ఒడ్డున చెట్ల నడుమ చిన్నపిల్లలు తొక్కుకుంటూ పోవడం చూస్తూ ఆ దూరమంతా వెళ్లవలసి వచ్చింది. ఫోనులో దారి వెతికేటప్పుడు సైకిలు గుర్తును ఎంచుకున్నామా, కారు గుర్తును ఎంచుకున్నామా అన్నది బయలుదేరక ముందే చూసుకోవాలి. ఈ బాటలో అక్కడక్కడ కంకర ఉంటుంది కాబట్టి మరీ సన్నని రేసు టైర్లు ఇక్కడ పనికిరావు.

మూడోది, కొత్త రోడ్డు పడ్డాక మిగిలిపోయిన పాత రోడ్డు. లోమండ్ సరస్సు పడమటి ఒడ్డున వెళ్లే ఏ82 ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. దాని పక్కనే బాలక్ నుంచి టార్బెట్ దాకా దాదాపు 27 కిలోమీటర్ల సైకిలు మార్గం ఉంది, అందులో కొంత భాగం పాత ఏ82 రోడ్డే. హోరు చెవిన పడుతూనే ఉంటుంది గాని మీదికి మాత్రం రాదు. గ్లాస్గో నుంచి బాలక్‌కు నేరుగా రైలు ఉంది కాబట్టి కారు లేని విద్యార్థులకు ఇదే సులభం.

కాలువ గట్లు మనకు కొత్త కావు. ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ 1790లోనూ, ఫాల్కర్క్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే యూనియన్ కాలువ 1822లోనూ పూర్తయ్యాయి. పడవలను లాగే గుర్రాలు నడిచిన గట్టు మీదే ఇప్పుడు సైకిళ్లు పోతున్నాయి. ఈ రెండు కాలువలను కలుపుతూ పడవలను ఎత్తి దించే భారీ చక్రాన్ని 2002లో ఫాల్కర్క్ వద్ద ప్రారంభించారు, ఆగి చూడదగినదే. గట్టు చదునుగా ఉంటుంది గాని ఇరుకు, పైగా కుక్కలతో నడిచేవారు ఎక్కువ. బెల్లు మోగించి, వేగం తగ్గించి, వారికి దారి ఇచ్చి వెళ్లాలి. లిన్లిత్‌గో దగ్గర ఏవన్ నది మీదుగా కాలువను దాటించే ఎత్తయిన వంతెన మీద రాళ్లు పరిచిన సన్నని దారి ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు అక్కడ దిగి నడిపించుకుపోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

పిల్లలతోనో, సైకిలు వదిలేసి పాతికేళ్లయిన పెద్దలతోనో వెళ్లేవారు గ్రేట్ కంబ్రే దీవికి వెళ్లాలి. గ్లాస్గో సెంట్రల్ నుంచి లార్గ్స్‌కు రైలు, అక్కడి నుంచి పది నిమిషాల ఫెర్రీ, ఆ తరువాత దీవిని చుట్టివచ్చే సుమారు 16 కిలోమీటర్ల దారి, దాదాపు అంతా చదునే. కార్లు బొత్తిగా లేవని చెప్పలేను గాని, సైకిళ్లను చూసి నెమ్మదించడం అక్కడివారికి అలవాటు.

ఇవన్నీ పేరున్న దారులు. పేరు లేనివాటిని పటంలో వెతకాలి. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:50,000 పటంలో చిన్న రోడ్లను పసుపు రంగులో చూపుతారు. ఒక సరస్సు చివరనో కొండ మొదట్లోనో ఆగిపోయే పసుపు గీత కనిపిస్తే, దాని మీద అక్కడ కాపురమున్నవారు తప్ప దాటిపోయే బండి ఉండదని అర్థం. రోడ్డు గీత మీద బాణపు మొన వంటి గుర్తు నిటారు వాలును సూచిస్తుంది; మొన పల్లం వైపు తిరిగి ఉంటుంది. రెండు మొనలుంటే వాలు అయిదుకు ఒకటి (అయిదు మీటర్లు సాగితే ఒక మీటరు ఎక్కడం) కన్నా ఎక్కువ అని తెలుసుకుని, దానికి ఎదురెక్కడమా మానడమా తేల్చుకోవాలి. పటంలో చుట్టూ అడవి తోటలుంటే పనిదినాల్లో దుంగల లారీలు తిరిగే అవకాశం ఉంటుంది కాబట్టి ఆదివారం ఎంచుకోవడం మంచిది. దారి మీదికి వెళ్లాక నీలం పలకపై తెల్లని సైకిలు బొమ్మ, ఎర్రని చతురస్రంలో అంకె కనిపిస్తే అది జాతీయ సైకిలు మార్గం.

పసుపు రోడ్లలో చాలావాటిపై ఒక్క బండికే చోటు ఉంటుంది. అక్కడక్కడ దారి ఇవ్వడానికి వెడల్పు చేసిన చోట్లుంటాయి. వెనుక బండి వస్తే, ఆ చోటు మన ఎడమన ఉంటే అందులోకి తప్పుకోవాలి, కుడిన ఉంటే దానికి ఎదురుగా ఎడమ అంచున ఆగాలి. తప్పుకున్నాక చేయి ఎత్తడం అక్కడి మర్యాద. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుప కమ్మీలు ఎదురైతే హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు వేయకుండా నేరుగా దాటాలి. స్కాట్లండులో 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా మెలిగినంత వరకు ఇతరుల భూముల మీదుగా నడవడానికి, సైకిలు తొక్కడానికి అందరికీ హక్కు ఉంది. ఇళ్ల పెరళ్లకు, పంట ఉన్న చేలకు ఆ హక్కు వర్తించదు. మూసి ఉన్న గేటును తీస్తే మళ్లీ మూయాలి.

మనం ఎండను చూసి పొద్దు లెక్క వేస్తాం. అక్కడ వెలుతురును, గాలిని చూసి వేయాలి. గ్లాస్గోలో జూన్ నెలాఖరున రాత్రి పది దాకా వెలుతురుంటే, డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకుండానే పొద్దు కుంకుతుంది. చీకటి పడ్డాక ముందు తెల్లని, వెనుక ఎర్రని దీపం ఉండి తీరాలన్నది చట్టం. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఓపిక ఉన్నప్పుడే దానికి ఎదురెళ్లి, అలసి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని వెనుక పెట్టుకోవాలి. వేసవిలో గాలి ఆగిన సాయంత్రాల్లో మిడ్జీలనే నలక వంటి పురుగులు ముసిరి కుడతాయి. సైకిలు కదులుతున్నంతసేపు బాధ లేదు, పంక్చరు వేసుకునేటప్పుడే వాటి పండుగ. గడ్డిలో కూర్చుని లేచాక కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి, వాటి కాటుతో లైమ్ జ్వరం రావచ్చు.

ఊళ్లో ఉండగానే కొంత సాధన చేసుకుని వెళ్లడం మంచిది. సుంకేసుల వైపు కాలువ వెంట తొక్కితే దూరం అలవాటవుతుంది గాని ఎక్కుడు అలవాటు కాదు. అందుకు జగన్నాథగట్టు ఎక్కే రోడ్డును వారానికి రెండుసార్లయినా చిన్న గేరులో, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఎక్కి చూడాలి. మన తుమ్మముళ్ల పుణ్యాన ట్యూబు మార్చడం ఎలాగూ వచ్చే ఉంటుంది. గాలి టైరుకు 1888లో పేటెంటు తీసుకున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ పుట్టింది ఆ దేశంలోని ఎయిర్‌షైర్‌లోనే అయినా, అక్కడి పల్లెదారిలో పంక్చరు అంగడి మాత్రం కనిపించదు. ఒక ట్యూబు, చేతి పంపు, వాన కోటు, నాలుగు బుడ్డల ఉండలు సంచిలో పెట్టుకోవాలి. స్కాట్‌రైల్ రైళ్లలో సైకిలుకు ఛార్జీ లేదు గాని, దూరపు మార్గాల్లో కొన్నింటికి సైకిలు చోటును ముందుగా రిజర్వు చేసుకోవాలి కాబట్టి, మన టికెట్టు తీసుకునేటప్పుడే సైకిలుకు కూడా అడగాలి.