పాయింట్ల మీద రైలు పట్టాలు తప్పకుండా: నడిపే ముందు జాగ్రత్తలు

హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్‌లో పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లే కనుక, కంటికి ఆనని తేడా కూడా పాయింటు (రైలు ఒక దారి నుంచి మరో దారికి మళ్ళే చోటు) దగ్గర చక్రాన్ని పట్టా పైకి ఎక్కిస్తుంది. ముందుగా ట్రాక్‌కు కరెంటు ఆపివేయండి; లోహపు కొలబద్ద రెండు పట్టాలనూ తాకితే షార్ట్ అవుతుంది.

కదిలే నాలుక పట్టాను రెండు వైపులకూ మార్చి, దాని కొన పక్క పట్టాకు పూర్తిగా ఆనుతున్నదో లేదో చిన్న కాగితపు ముక్క దూర్చి చూడాలి; కాగితం వదులుగా జారితే చక్రపు అంచు కూడా అక్కడే దూరుతుంది. చాలాసార్లు కారణం ఒకే ఒక్క కంకర గింజ, అదీ జిగురుతో అంటుకుని ఉంటుంది. దాన్ని టూత్‌పిక్‌తో తీయండి, కత్తితో గీకవద్దు. కొన మీద గోరు నడిపినప్పుడు తగులుకుంటే సన్నని ఆకురాయితో సున్నితంగా నునుపు చేయాలి.

పాయింటు బల్ల మీద సమంగా కూర్చున్నదా, జోడింపుల దగ్గర మెట్టు ఉన్నదా అన్నది కొలబద్ద ఆనించి చూడండి.

ఒక్క వ్యాగనే ప్రతి పాయింటు దగ్గరా పడుతుంటే తప్పు పట్టాలది కాదు. దాని చక్రాల మధ్య ఎడాన్ని ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైలు అభిమానుల సంఘం) ప్రమాణాల ప్రకారం చేసిన గేజ్ అనే కొలత పరికరంతో సరిచూడాలి, మరీ తేలికగా ఉంటే బరువు చేర్చాలి.

చివరగా రైలును నెమ్మదిగా, ముందుకే కాక వెనక్కి నెడుతూ కూడా నడపండి. లోపాలు ఎక్కువగా అప్పుడే బయటపడతాయి.