వింత సోల్ ఉన్న రన్నింగ్ షూ కొనే ముందు ఎలా పరీక్షించాలి?

తిరుపతిలో రన్నింగ్ షూ కొందామని ఏ షాపుకెళ్లినా ఇప్పుడు రకరకాల సోల్స్ తీసి ముందు పెడుతున్నారు. పడవలా ముందూ వెనకా లేచినవి, రెండంగుళాల మందం ఉన్నట్టు కనిపించేవి, అడుగున ఖాళీలు వదిలినవి. వీటన్నిటినీ మోసమని కొట్టిపారేయనక్కర్లేదు. 2019 అక్టోబరులో వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసింది లోపల కార్బన్ ప్లేట్ (పల్చటి గట్టి పలక) ఉన్న మందపాటి సోల్‌తోనే. కాకపోతే అది ఆయన వేగానికి తగ్గట్టు చేసిన సోల్. పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో, అలిపిరి నుంచి జూ పార్కు వైపు వెళ్లే రోడ్డులోనో నిదానంగా పరిగెత్తే వాళ్లకు ఏది నప్పుతుందో చేత్తో పట్టి చూసుకోవాల్సిందే.

ముందు రెండు అంకెలు తెలుసుకోండి: మడమ కింద మందం ఎంత, ముందు పాదం కింద ఎంత. షాపులో చెప్పలేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఆ రెండింటి తేడానే డ్రాప్ అంటారు. మామూలుగా 0 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. డ్రాప్ తగ్గేకొద్దీ పిక్కల మీద, పిక్కను మడమకు కలిపే స్నాయువు (టెండన్) మీద భారం పెరుగుతుంది. ఇప్పుడు వాడేది 10 అయితే ఒకేసారి 0కి దిగకండి.

తర్వాత షూను కౌంటర్ మీద పెట్టి పక్కనుంచి చూడండి. ముందు భాగం పైకి లేచి ఉంటే దాన్ని రాకర్ అంటారు. అడుగు తీసేటప్పుడు బొటనవేలు, చీలమండ వంగే పనిని అది తగ్గిస్తుంది. బొటనవేలి కీలు నొప్పి ఉన్నవాళ్లకు చాలామందికి హాయిగా ఉంటుంది. వేసుకుని నడిస్తే పాదం దానంతటదే ముందుకు దొర్లాలి. ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టుంటే ఆ వంపు మీకు కుదరలేదన్నమాట.

ఇప్పుడు షూను తిరగేయండి. మన రోడ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, తొందరపడకండి. సందుల్లో చిటికెనవేలు పెట్టి చూడండి. వేలి కొస దూరిందంటే రోడ్డు పక్క కంకర కూడా దూరుతుంది. ఇరుక్కున్న రాయి అడుగడుగునా టక్కుటక్కుమంటుంది, లోపలి ఫోమ్‌ను కోసేస్తుంది. బరువు తగ్గించడానికి కొన్ని షూలకు రబ్బరు అక్కడక్కడే అతికించి మిగతా చోట ఫోమ్‌ను అలాగే వదిలేస్తారు. చాలామందికి ముందుగా అరిగేది మడమ బయటి అంచు కాబట్టి అక్కడ రబ్బరు ఉండి తీరాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. తడి టైల్స్ మీద నున్నటి సోల్ ఇట్టే జారుతుంది.

ఎత్తు సోల్‌కు అసలు పరీక్ష ఒంటికాలి మీద నిలబడటం. సాక్సుతో సహా రెండు షూలూ వేసుకుని, మోకాలు కొంచెం వంచి, ఒక్కో కాలి మీద పదిహేను సెకన్లు నిలబడండి. మీతో వచ్చినవాళ్లను వెనకనుంచి చూడమనండి. మడమ ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఎంత మెత్తగా ఉన్నా వద్దు.

సోల్ ఆకారమే కండరాలను గట్టిపరుస్తుందనీ, బరువు తగ్గిస్తుందనీ చెబితే నమ్మకండి. షేప్-అప్స్ అనే వంపు సోల్ షూల గురించి అలాంటి ప్రకటనలే ఇచ్చిన స్కెచర్స్ కంపెనీ 2012లో అమెరికాలో 4 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

కొనే ముందే మార్చి ఇస్తారో లేదో అడిగి, బిల్లు దాచుకోండి. రెండు మూడు రోజులు ఇంట్లో శుభ్రమైన నేల మీదే వేసుకు తిరగండి. ఆ తర్వాత రెండు వారాలపాటు పాత షూతో మార్చి మార్చి, తక్కువ దూరాలే పరిగెత్తండి. పిక్కలు కాస్త పట్టేస్తే కంగారు అక్కర్లేదు. మోకాలిలోగానీ మడమ వెనకగానీ పోటు మొదలైతే మాత్రం ఆ షూ పక్కన పెట్టేయండి.