చేయి తిమ్మిరెక్కుతోందా? ముందు ఏ వేలో చూసుకోండి

శ్రావణం ముహూర్తాలు మొదలైతే మా దిల్‌సుఖ్‌నగర్ వైపు మగ్గం వర్క్ (చట్రానికి బట్ట బిగించి చేసే ఎంబ్రాయిడరీ) షాపుల్లో రాత్రి పదింటికీ లైట్లు ఆరవు. ఆ నెలలోనే చేతుల నొప్పులు బయటపడతాయి. నాకైతే ఒకరోజు చాయ్ గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

సమస్య: రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తుంది, చేయి విదిలిస్తే తగ్గుతుంది.
కారణం: బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారి, చిటికెన వేలు బాగానే ఉంటే మణికట్టులో నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. దీన్ని కార్పల్ టనల్ అంటారు. కొక్కెం మొన ఉండే ఆరి సూదికి బరువెక్కడిది అంటారు అందరూ. నిజమే. కానీ ఒక్క పువ్వు నిండాలంటే సూది వందలసార్లు దిగాలి, అదీ మణికట్టు వంచి, పిడిని గట్టిగా నొక్కిపట్టి. వీటిలో ఏదో ఒకటైతే చేయి ఓర్చుకుంటుంది, మూడూ కలిస్తే మొరాయిస్తుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ గర్భిణులకూ ముప్పు ఇంకా ఎక్కువ.
పరిష్కారం: మగ్గం మోచేతి కంటే ఎత్తులో ఉంటే దించండి. సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుని పడుకోండి. గంటల తరబడి కూర్చుని ఒకేసారి లేవడం కంటే మధ్యమధ్యలో రెండు నిమిషాలు చేతులు వదిలేయడం మేలు. పీసు రేటుకు కుట్టేవాళ్లు తమంతట తాము ఆగరు, ఓనరే ఆపాలి.

సమస్య: కత్తెర పడితే బొటనవేలి వైపు మణికట్టు సలుపుతుంది.
కారణం: చాలాసార్లు మొద్దు కత్తెరే! నాలుగు మడతలు ఒకేసారి కోయాలని బలమంతా బొటనవేలి మీద పెడతాం.
పరిష్కారం: సాన పట్టించండి, రెండు మడతలే కోయండి. డబ్బులు మిగులుతాయని సాన మానేసిన కటింగ్ మాస్టర్లు తర్వాత ఫిజియోథెరపీకి కట్టడం చూశాను.

చిటికెన వేలు తిమ్మిరైతే మోచేయి చట్రం కర్రకు ఆనుతోందేమో చూసి, అక్కడ మెత్తటి గుడ్డ వేయండి. పొద్దున్నే వేలు ముడుచుకుపోయి టక్కుమని తెరుచుకుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. గట్టి పట్టు తగ్గించండి, తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించండి.

నొప్పి మాత్ర మింగి అదే పనిలో కూర్చోవద్దు. బొటనవేలి కింద కండ తరిగి పల్లం పడినా, వస్తువులు తరచూ జారిపోతున్నా సీజన్ అయ్యాక చూద్దాం అనుకోకండి. ముందు నరం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు, ముదిరితే చిన్న ఆపరేషన్‌తో నరం మీద ఒత్తిడి తీసేస్తారు. కానీ తరిగిన కండ మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు.