హెచ్ఐవీ నెగెటివ్ వచ్చినా భయం పోవడం లేదా? టెస్టులు ఆపడం ఎలా?

ఈ పనిని దాదాపు అందరూ తలకిందులుగా మొదలుపెడతారు. "భయం పోనీయండి, అప్పుడు టెస్టులు మానేస్తాను" అంటారు. అలా ఎవరికైనా పోవడం నేను చూడలేదు. ముందు టెస్టులు ఆగాలి, ఆ తర్వాత భయం మెల్లగా తగ్గుతుంది. హైదరాబాద్‌లో హెచ్ఐవీ కౌన్సెలింగ్ చేస్తూ ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాను. బుద్ధిగా తలూపుతారు, బయటికెళ్లి పక్క సందులోని ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇచ్చి వస్తారు.

కావలసినవి: ఒక నోటు పుస్తకం, పెన్ను, మీ సంగతి తెలిసిన నమ్మకమైన మనిషి ఒకరు. పుస్తకం బదులు ఫోన్ వాడకూడదు. ఫోన్ తీస్తే వేలు గూగుల్ మీదికే పోతుంది.

మొదటి పని: సరైన టెస్టు, ఒక్కసారి

మీరు భయపడుతున్న సంఘటన జరిగి 45 రోజులు దాటాక, ల్యాబ్‌లో చేతి నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టులో నెగెటివ్ వస్తే అక్కడితో అయిపోయింది. ర్యాపిడ్ టెస్టుకైతే 90 రోజులు దాటాలి. రిస్క్ జరిగిన వెంటనే, హెచ్ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా వేసుకునే పెప్ మందులు వాడినవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన తేదీకే వెళ్లాలి. గాంధీ, ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టు కేంద్రంలో, హెచ్ఐవీ టెస్టు ఉచితం. అక్కడ ఏ రకం టెస్టు చేస్తారో అడిగి, దాన్ని బట్టి రోజులు లెక్కపెట్టుకోండి. వివరాలు బయటికి పోవు, 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం అది మీ హక్కు. రక్తం పొద్దున్నే ఇవ్వండి, సాయంత్రం ఇస్తే రాత్రంతా జాగారమే. దోమ కుట్టిందనో, హోటల్ గ్లాసులో నీళ్లు తాగామనో, మెట్రోలో రాడ్డు పట్టుకున్నామనో భయమైతే అసలు టెస్టే అక్కర్లేదు.

రెండో పని: ఫైలు చేయి మారాలి

ఒక కుర్రాడు నా ముందు ఫైలు తెరిచాడు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రకరకాల ల్యాబుల రిపోర్టులు, తేదీల వరుసలో, అన్నీ ల్యామినేషన్ చేయించి ఉన్నాయి. "మేడమ్, అప్పుడు 0.09 ఉంది, ఇప్పుడు 0.17 అయింది. పెరుగుతోంది కదా?" అన్నాడు. పెరగడం కాదది. అంకె ఇచ్చే ఆ రకం మెషిన్ టెస్టుల్లో సాధారణంగా 1 కన్నా తక్కువ ఉన్నదంతా నాన్ రియాక్టివే, అంటే నెగెటివే. మెషిన్ మారినా, కిట్ మారినా ఆ అంకె అటూ ఇటూ అవుతుంది. రిపోర్టులో ఆ ఒక్క మాట చదవండి, అంకె జోలికి పోకండి. చదివాక ఫైలు మీ నమ్మకమైన మనిషికి ఇచ్చేయండి. మీ బీరువాలో ఉంటే అర్ధరాత్రి తీస్తారు.

మూడో పని: చూసుకోకుండా, అడగకుండా ఉండటం

అందరూ బోల్తా కొట్టేది ఇక్కడే. టెస్టు మానేశామని సంబరపడతారు, దాని బదులు ఇంకోటి మొదలవుతుంది. అద్దంలో నాలుక తెల్లగా ఉందా అని చూడటం, గంటకోసారి థర్మామీటర్ పెట్టుకోవడం, మెడ దగ్గర గ్రంథులు నొక్కుకోవడం. రోజంతా నొక్కితే ఆ చోటు నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని చూసి "లక్షణాలు మొదలయ్యాయి" అంటారు. రక్తదానం చేస్తే ఎలాగూ టెస్టు చేస్తారు కదా అని బ్లడ్ బ్యాంకుకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. దానం చేసేది రోగి కోసం, మన రిపోర్టు కోసం కాదు.

ఇదంతా దురద లాంటిది, గోకే కొద్దీ పెరుగుతుంది. నెగెటివ్ చూడగానే గుండె తేలికవుతుంది, రెండు రోజులకి "ల్యాబ్ వాళ్లు శాంపిల్ మార్చేశారేమో" అని కొత్త అనుమానం వస్తుంది. అందుకే "ధైర్యంగా ఉండు, నీకేం లేదు" అని వీపు తట్టి పంపే పద్ధతి నాకు నచ్చదు. "మీ తృప్తి కోసం ఇంకోసారి చేద్దాం" అనే డాక్టర్ల మీద ఇంకా కోపం. ఆ తృప్తి ఎన్నాళ్లుంటుందో వాళ్లు చూడరు, మేం చూస్తాం.

చూసుకోవాలనిపించగానే పుస్తకంలో టైమ్ రాయండి, ఏం చేయాలనిపించిందో ఒక్క ముక్కలో రాయండి. అరగంట ఆగండి. ఆ అరగంటలో భయాన్ని తరిమేయడానికి చూడకండి, దాన్ని అలాగే ఉండనిచ్చి గిన్నెలు కడగండి, బట్టలు మడతపెట్టండి. అరగంట అలవాటయ్యాక గంట చేయండి, తర్వాత పూట. మొదట్లో టెన్షన్ పెరుగుతుంది, పద్ధతి పనిచేయడం లేదనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది వదిలేస్తారు.

ఇంకో మెలిక ఉంది. ఆగమన్నాను కదా అని లోపల్లోపల "నాకేం లేదు, నాకేం లేదు" అని జపం చేస్తారు. అది కూడా చూసుకోవడమే, కాకపోతే అద్దం లేకుండా. "ఉందో లేదో ఈ రోజు తేల్చుకోను" అనుకుని వదిలేయాలి. నూటికి నూరు శాతం గ్యారంటీ కావాలని కూర్చుంటే ఏ ల్యాబూ ఇవ్వలేదు.

ఇంట్లోవాళ్లకీ చెప్పి ఉంచండి. "అక్కా, మెడ దగ్గర గడ్డలా ఉంది, ఒక్కసారి చూడవా?" అంటే అక్క చూడకూడదు. "దానికి నేను జవాబు చెప్పనురా, రా, కూర తరుగుదాం" అంటే చాలు. తిట్టకూడదు, బుజ్జగించకూడదు.

నాలుగో పని: డాక్టర్

కొన్ని వారాలు చేసినా నిద్ర, ఉద్యోగం, కాపురం దెబ్బతింటుంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పగానే ముఖం ముడుచుకోకండి, అక్కడ ఓపీకి మనలాంటి వాళ్లే వస్తారు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే థెరపీ ఈ భయానికి బాగా పనిచేస్తుంది. మందులు రాస్తే ప్రభావం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. చచ్చిపోవాలనిపిస్తే వాయిదా వేయకుండా వెంటనే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఈ నియమాలన్నీ పాత భయానికే. కండోమ్ లేకుండా సెక్స్, ఇంకొకరు వాడిన సిరంజి లాంటి నిజమైన రిస్క్ కొత్తగా జరిగితే పుస్తకం తీసి అరగంట ఆగకండి. పెప్ మందులు 72 గంటల్లోపే, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఏదైనా అడగాలంటే 1097కి ఫోన్ చేయండి.