సంఘంలో యూత్, క్వయర్, స్త్రీల సమాజం కలిసి పనిచేయాలంటే

మా విజయవాడ చర్చి సంఘంలో డిసెంబర్ వస్తే చాలు గొడవే, సెమీ క్రిస్మస్ (క్రిస్మస్ కి ముందే చేసుకునే వేడుక) కి హాలు యూత్ కే కావాలి, అదే సాయంత్రం క్వయర్ (పాటల బృందం) కి ప్రాక్టీస్ కావాలి, మైక్ సెట్టు ఒక్కటే. అందుకే ముందు ఒకే క్యాలెండర్ పెట్టండి, గోడ మీద, అందరికీ కనబడేట్టు. ఎవరు ముందు రాస్తే హాలు వాళ్ళది. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మేరీమాత తిరునాళ్ళ కాబట్టి అటువైపు ట్రాఫిక్ బాగా ఉంటుంది, ఆ రోజుల్లో మీటింగులు పెట్టొద్దు.

నెలకోసారి ఒక్కో టీమ్ నుంచి ఒక్కరు కూర్చోండి, పాస్టర్ గారు లేకపోయినా పర్లేదు, కానీ ట్రెజరర్ అన్న ఉండాలి ఎందుకంటే సగం మనస్పర్థలు డబ్బుల దగ్గరే మొదలవుతాయి, ఎవరి ఖర్చు ఎంతో అందరి ముందే చెప్పుకుంటే అనుమానాలుండవు.

అన్నిటికన్నా పనిచేసేది మాత్రం మే నెలలో వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు. యూత్ వాళ్ళు పిల్లలకి పాటలు నేర్పిస్తారు, స్త్రీల సమాజం అక్కలు వంట చూస్తారు, క్వయర్ తమ్ముళ్ళు కీబోర్డు, తబలా తెస్తారు. ఒకే గిన్నెలో పులిహోర తిన్నాక మాట్లాడుకోవడం చాలా తేలికవుతుంది. కన్ను చేతితో నువ్వు నాకక్కర్లేదు అనలేదని బైబిల్లో 1 కొరింథీ 12లో ఉంది కదా, మీటింగ్ మొదట్లో అదే చదవండి. ఎవరిమీదైనా బాధుంటే వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా నేరుగా ఇంటికెళ్ళి చెప్పండి.